మిడిల్‌వెయిట్ క్రూయిజర్ ఎలా ఎంచుకోవాలి? మీ నడుము, మీ రోడ్డు, మీ ఈఎంఐ

ఈ ఎపిసోడ్ క్రూయిజర్ బండ్ల గురించి. రెండు నెలల నుంచి వాయిదా వేస్తూ వస్తున్నా, ఈసారి తప్పించుకోలేకపోయా. ఎందుకంటే పోయిన వారం ఒక తమ్ముడు మెయిల్ పెట్టాడు. "అన్నా, సూపర్ మీటియోర్ 650 తీసుకుందామనుకుంటున్నా. ఓకేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు" అని. కింద తన వివరాలన్నీ రాశాడు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, గచ్చిబౌలిలో ఆఫీసు. నెలకోసారి ఖమ్మం, సొంతూరికి. నాన్నగారు రిటైర్ అయ్యారు, ఇంట్లో సంపాదించేది తనొక్కడే. పెళ్లి కుదిరింది. డౌన్ పేమెంట్‌కి లక్ష దాచుకున్నాడు, మిగతాది లోను.

ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు తమ్ముడూ. నాలుగు లక్షల పైన పెట్టే వస్తువు, పైగా రోజూ నీ వెన్నుపూసని దాని మీద పెట్టి తిప్పుతావు. కొంచెం ఓపిక పట్టి మొత్తం విను.

కొత్తగా చూసేవాళ్లకి నా గురించి రెండు మాటలు. నాది బీటెక్ మెకానికల్. కాలేజీలో చదివింది ఇంజిన్లు, ఐదేళ్లు ఉద్యోగంలో రాసింది జావా. బండి జావా కాదండోయ్, కోడ్ జావా. ఆ ఐదేళ్ల కుర్చీ పుణ్యమా అని నాకు నడుము నొప్పి వచ్చింది. ఎమ్మారై తీస్తే కింద డిస్కు కాస్త ఉబ్బింది అన్నారు. ఫిజియోథెరపీ ఆయన బండి మానేయమనలేదు, "కుదుపులు తగ్గించుకో" అన్నాడు అంతే. కాబట్టి క్రూయిజర్ వెతుకులాట నాకూ సొంత పనే. అందరూ "క్రూయిజర్ అంటే సోఫా, నడుముకి చాలా మంచిది" అంటారు కదా, అది ఎంతవరకు నిజమో నా నడుము పెట్టి చూశాను.

ముందు అసలు క్రూయిజర్ అంటే ఏంటి? సీటు కిందకి ఉంటుంది, ఫుట్‌రెస్ట్‌లు ముందుకి ఉంటాయి, హ్యాండిల్ మన దగ్గరికి వస్తుంది, బండి పొడుగ్గా ఉంటుంది. ఇది అమెరికాలో పుట్టిన డిజైన్. వాళ్లకి కొలిచి గీసినట్టు ఉండే హైవేలు, గంటల తరబడి ఒకే గేర్. మన దగ్గర ఈ రుచి మొదట చూపించింది 2001లో వచ్చిన కవాసాకి బజాజ్ ఎలిమినేటర్. అదే తర్వాత అవెంజర్ అయ్యింది. ఎన్‌ఫీల్డ్ వాళ్ల థండర్‌బర్డ్ 2002లో వచ్చింది, దాని స్థానంలోకి 2020 నవంబరులో మీటియోర్ 350 వచ్చింది. మన అన్నయ్యల తరం "క్రూయిజర్" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది ఈ రెండు కుటుంబాలే.

మిడిల్‌వెయిట్ అనే మాటకి ఒక్కో దేశంలో ఒక్కో అర్థం. అమెరికాలో 750, 900 సీసీ కూడా మిడిల్‌వెయిట్టే. మనకి 400 దాటితేనే పెద్ద బండి. ఈ ఎపిసోడ్ వరకు నేను 450 నుంచి 650 మధ్యలో, రెండు సిలిండర్ల క్రూయిజర్లు తీసుకుంటున్నా. వాటిలో నాలుగు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియోర్ 650, కవాసాకి వల్కన్ ఎస్, కవాసాకి ఎలిమినేటర్, హోండా రెబెల్ 500. పక్కన పోలికకి మీటియోర్ 350ని కూడా పెట్టుకుంటా, ఎందుకో తర్వాత తెలుస్తుంది. హార్లే ఎక్స్ 440 ఏదీ అని అడుగుతారు. పేరు హార్లేదే గానీ కూర్చునే తీరు క్రూయిజర్‌ది కాదు, అది రోడ్‌స్టర్. షాట్‌గన్ 650 కూడా అంతే, ఇంజిన్ సూపర్ మీటియోర్‌దే గానీ సీటు 795 మిల్లీమీటర్లు, కూర్చునే తీరు వేరు.

సరే, అసలు విషయానికి వద్దాం. నడుము.

ఇప్పుడు మీరు కుర్చీలో కూర్చుని ఉంటే ఒక చిన్న పని చేయండి. కాళ్లు రెండూ ముందుకి చాపండి. చేతులు దేనికీ ఆనించకుండా ఇప్పుడు లేవండి. లేవలేరు. కాళ్లు వెనక్కి, తొడల కిందకి తెచ్చుకుని లేవండి. సులువుగా లేస్తారు. క్రూయిజర్ గురించి చెప్పాల్సిన సగం సంగతి ఇందులోనే ఉంది.

మామూలు బండి మీద ఫుట్‌రెస్ట్‌లు దాదాపు మన కిందే ఉంటాయి. ముందు గుంత కనబడగానే మనకి తెలియకుండానే కాళ్ల మీద బరువు వేసి, సీటు మీంచి అరంగుళం లేస్తాం. అప్పుడు మోకాళ్లే షాకబ్జర్లలా పనిచేస్తాయి. క్రూయిజర్ మీద కాళ్లు ముందుకి వెళ్లిపోయాయి కాబట్టి ఆ పని కుదరదు. గుంతలో పడ్డ దెబ్బ చక్రం నుంచి షాకబ్జర్‌కి, అక్కడి నుంచి సీటుకి, సీటు నుంచి నేరుగా వెన్నుపూసకి. మధ్యలో ఆపేవాడు లేడు.

దీనికి తోడు ఇంకోటి. సీటు కిందకి ఉండాలంటే వెనక చక్రం పైకి కదలడానికి చోటు తగ్గించాలి. అందుకే క్రూయిజర్లలో వెనక సస్పెన్షన్ కదలిక తక్కువ. సూపర్ మీటియోర్‌లో 101 మిల్లీమీటర్లు. వల్కన్ ఎస్‌లో 80. అదే హిమాలయన్ 450లో అయితే 200. అంటే వల్కన్‌లో గుంత దెబ్బని తీసుకోవడానికి నాలుగు వేళ్ల వెడల్పంత చోటు ఉంది, హిమాలయన్‌లో దానికి రెండున్నర రెట్లు. ఇవి కంపెనీలు దాచే అంకెలు కాదు, వాళ్ల బ్రోచర్‌లోనే ఉంటాయి. మనమే సీసీ చూసి, సైలెన్సర్ సౌండు విని, ఆ కాలమ్ దాటేస్తాం.

అయితే క్రూయిజర్ నడుముకి చెడ్డదా? అలా కూడా కాదు. నునుపు రోడ్డు మీద, ఒకే స్పీడులో, గంటన్నర సాగినప్పుడు స్పోర్ట్స్ బండి కంటే ఇదే హాయి. మణికట్ల మీద బరువు ఉండదు, మెడ వంచక్కర్లేదు. రోడ్డు గతుకులుగా ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. కాబట్టి "క్రూయిజర్ కంఫర్టా?" అని అడిగితే, ఏ రోడ్డు మీద అని నేను తిరిగి అడుగుతా.

మన తమ్ముడి రోడ్డు చూద్దాం. మియాపూర్ నుంచి గచ్చిబౌలి. వారంలో ఐదు రోజులు ట్రాఫిక్, క్లచ్ పట్టుకోవడం, వదలడం, స్పీడ్ బ్రేకర్లు, వానాకాలంలో గుంతలు. నెలకొక్కసారి ఖమ్మం, అంటే ఒక వైపు రెండొందల కిలోమీటర్లు అటూ ఇటూ, సూర్యాపేట దాకా విజయవాడ హైవే. నెలలో బండి తిరిగే కిలోమీటర్లలో సగం పైన సిటీలోనే. కల మాత్రం హైవేది. చాలామందిది ఇదే కథ, తప్పేం లేదు, కానీ లెక్కలో రెండూ పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఇంకో మాట. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, క్రూయిజర్‌కి అంతకంటే మంచి రోడ్డు ఎక్కడుంది అనుకుంటారు. ఔటర్ మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు. బండి ఎంత పెద్దదైనా సరే, పక్కనున్న సర్వీసు రోడ్డే దిక్కు. శ్రీశైలం వెళ్దామంటే నల్లమల అడవిలో గేట్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, కాబట్టి తెల్లవారుజామున బయల్దేరినా మన్ననూరు దగ్గరికి ఆరింటికి చేరేలా చూసుకోవాలి. ఆ దారి మాత్రం, డిండి దాటాక, క్రూయిజర్‌కి నిజంగా బాగుంటుంది. ఈగలపెంట దిగేటప్పుడు మలుపుల్లో జాగ్రత్త. పొడుగు బండి, ఫుట్‌రెస్ట్‌లు కిందకి ఉంటాయి, బాగా వాలిస్తే రోడ్డుకి గీసుకుంటాయి. గీసుకుంటే భయపడి బ్రేకు తొక్కకూడదు. అసలు అక్కడిదాకా వాల్చకుండా మలుపుకి ముందే స్పీడు తగ్గించుకోవాలి.

ఇక స్పీడు. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల రోడ్డు మీద మోటార్‌సైకిల్‌కి గరిష్ఠంగా 80. కార్లకి ఉన్నట్టు 100 కాదు. ఎవరు పాటిస్తున్నారు అంటారా, చలానా వచ్చినవాళ్లని అడగండి. పోనీ చట్టం పక్కన పెట్టి గాలి సంగతి చూద్దాం. గాలి తోపు స్పీడుకి వర్గంగా పెరుగుతుంది. 80లో మీ ఛాతీ మీద ఉన్న తోపు 100కి వెళ్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 120కి వెళ్తే రెండుంపావు రెట్లు. స్పోర్ట్స్ బండి మీద వంగి కూర్చుంటాం కాబట్టి గాలి పైనుంచి పోతుంది. క్రూయిజర్ మీద నిటారుగా, చేతులు చాపి, తెరచాపలా కూర్చుంటాం. విండ్‌స్క్రీన్ లేకుండా 110లో అరగంట వెళ్తే భుజాలు చెప్పేస్తాయి. అంటే చట్టం, గాలి, రెండూ కలిసి క్రూయిజర్‌ని 80, 90 మధ్యే ఉంచుతాయి.

మరి 80కి 650 సీసీ ఎందుకు? ఇదే అసలు ప్రశ్న. అందుకే మీటియోర్ 350ని పక్కన పెట్టుకుందాం అన్నాను. 349 సీసీ, 20 గుర్రాలు, 27 న్యూటన్ మీటర్లు, 191 కిలోలు, 765 మిల్లీమీటర్ల సీటు. 80లో ఇది చక్కగా వెళ్తుంది. ఒక్కరే అయితే 90 కూడా పర్లేదు. అయితే వెనక మనిషి, రెండు బ్యాగులు ఉండి, 80లో వెళ్తూ లారీని దాటాలి అన్నప్పుడు తేడా తెలుస్తుంది. 350లో గేరు దించి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా వచ్చే బస్సుని చూసుకుంటూ దాటాలి. 650లో గేరు మార్చకుండా యాక్సిలరేటర్ తిప్పితే చాలు. పెద్ద ఇంజిన్ డబ్బులు మీరు టాప్ స్పీడుకి కట్టట్లేదు, ఆ నాలుగు సెకన్లకి కడుతున్నారు. నాలుగు లేన్ల డివైడర్ రోడ్డు మీద ఆ నాలుగు సెకన్లకి అంత విలువ లేదు. రెండు లేన్ల రోడ్డు మీద చాలా విలువ ఉంది. మీ ఊరి దారి ఏదో మీకే తెలుసు.

సరే, బండ్లు ఒక్కోటీ చూద్దాం.

సూపర్ మీటియోర్ 650. 2023 జనవరిలో మన దగ్గర లాంచ్ అయ్యింది, అప్పట్లో మొదలు ధర 3.49 లక్షలు ఎక్స్‌షోరూమ్. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 పీఎస్, 52 న్యూటన్ మీటర్లు. దీని క్రాంక్ 270 డిగ్రీలది. అంటే రెండు సిలిండర్లు సమానమైన గ్యాప్‌లో పేలవు. ఒక గ్యాప్ 270 డిగ్రీలు, ఇంకోటి 450. అందుకే ఆ దడదడ, వీ ట్విన్ ఇంజిన్‌లాంటి సౌండు. లోపల ఉన్నది మాత్రం పక్కపక్కన నిలబడ్డ రెండు సిలిండర్లే. 2500 ఆర్‌పీఎం నుంచే టార్క్‌లో 80 శాతం అందుతుందని కంపెనీ చెప్తుంది. నడిపితే అది నమ్మబుద్ధి అవుతుంది. మూడో గేరులో ట్రాఫిక్, ఐదో గేరులో ఊళ్లు, అలా సాగిపోతుంది. సీటు 740, ట్యాంకు 15.7 లీటర్లు. లీటరుకి పాతిక అటూ ఇటూ వేసుకున్నా ట్యాంకుకి 350 కిలోమీటర్లు భయం లేకుండా వెళ్లొచ్చు. ముందు ఫోర్కు బాగుంది. వెనక షాకబ్జర్లు ఒక్కరే ఉన్నప్పుడు గట్టిగా కొడతాయి, ప్రీలోడ్ తగ్గించుకుంటే కొంచెం మెత్తబడుతుంది. ఇద్దరు కూర్చుంటే ఇదే బండి బాగుంటుంది, విచిత్రంగా.

బరువు 241 కిలోలు. ఈ అంకె దగ్గర ఆగాలి. నడిచేటప్పుడు ఆ బరువు తెలియదు, కిందకి ఉంటుంది కాబట్టి. ఆగినప్పుడు తెలుస్తుంది. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లు గుర్తు తెచ్చుకోండి. దిగే ర్యాంపు, చివర్లో మలుపు, స్తంభానికీ పక్కింటాయన కారుకీ మధ్య బండి పెట్టాలి. పొద్దున దాన్ని వెనక్కి తోసుకుని బయటికి తీయాలి. నేల కొంచెం వాలుగా ఉన్నా 241 కిలోల్ని కాళ్లతో వెనక్కి తోయడం ఎక్సర్‌సైజే. నడుము నొప్పి ఉన్నవాళ్లకి రైడింగ్ కంటే ఇదే ప్రమాదం. నేను తెలుసుకున్న పద్ధతి ఏంటంటే, బండి పెట్టేటప్పుడే ముక్కు బయటికి చూసేలా పెట్టుకోవాలి, సాయంత్రం వేడి ఇంజిన్‌తో ఐదు నిమిషాలు పట్టినా సరే.

కవాసాకి వల్కన్ ఎస్. 649 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజిన్, 61 పీఎస్. ఈ నాలుగింట్లో బలం దీనిదే. సీటు 705 మిల్లీమీటర్లు, చాలా కిందకి. బరువు 235. ఫుట్‌రెస్ట్‌లు నిజంగా ముందుకి ఉంటాయి, కాళ్లు చాపి కూర్చోవడమే. ఫుట్‌రెస్ట్ దగ్గరికీ దూరానికీ మార్చుకునే సౌకర్యం దీని డిజైన్‌లోనే ఉంది, అది మంచి ఆలోచన. కానీ ఇంజిన్ పుట్టుక స్పోర్ట్స్ కుటుంబంలో. పైకి తిప్పితేనే సంతోషంగా ఉంటుంది, కింద గేర్లలో బద్ధకంగా సాగదు. ధర ఏడు లక్షల పైమాట. వెనక సస్పెన్షన్ 80 మిల్లీమీటర్లు అని ఇందాకే చెప్పా. నా నడుముకి ఇది అక్కడే అవుట్. వేరేవాళ్లకి వేరు కావచ్చు.

కవాసాకి ఎలిమినేటర్. పాత ఎలిమినేటర్‌కీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. 2024 జనవరిలో వచ్చింది, 451 సీసీ, 45 పీఎస్, బరువు 176 కిలోలు. మళ్లీ చెప్తా, 176. సూపర్ మీటియోర్ కంటే 65 కిలోలు తక్కువ, అంటే ఒక మనిషి బరువు. మీటియోర్ 350 కంటే కూడా తేలిక. సీటు 735. ఫుట్‌రెస్ట్‌లు మరీ ముందుకి ఉండవు, కాబట్టి కాస్త లేచే వీలుంది. సిటీలో తిప్పడానికి ఈ నాలుగింట్లో నా ఓటు దీనికే. బాధ ఏంటంటే ధర. లాంచ్ అయినప్పుడే 5.62 లక్షలు. పైగా మన దగ్గర కవాసాకి షోరూమ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఖమ్మంలోనో కడపలోనో క్లచ్ కేబుల్ తెగితే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

హోండా రెబెల్ 500. 2025 మేలో మన దేశానికి వచ్చింది, 5.12 లక్షలకి, అదీ బయట తయారై వచ్చే బండి. 471 సీసీ, 46 పీఎస్, సీటు 690 మిల్లీమీటర్లు. ఐదడుగుల వాళ్లకి కూడా రెండు పాదాలు నేలకి ఆనతాయి. చెల్లెళ్లు చాలామంది "పొట్టివాళ్లకి పెద్ద బండి ఏముంది?" అని అడుగుతుంటారు, వాళ్లకి ఇది చూపిస్తా. ట్యాంకు 11.2 లీటర్లే, వెనక సీటు పేరుకే ఉంది. మొదట్లో గురుగ్రామ్, ముంబై, బెంగళూరుల్లోనే అమ్మకం పెట్టారు. కొనే ముందు మీకు దగ్గర్లో సర్వీసు ఎవరు చేస్తారో కనుక్కోండి.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ 350 సీసీ అనే గీత ఒకటుంది, అది చాలామందికి తెలియదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ దాకా ఉన్న బండ్లకి 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటితే సెస్‌తో కలిపి 31 ఉన్నది 40కి పెరిగింది. వంద రూపాయల బండి అనుకోండి. చిన్నది 128 నుంచి 118కి వచ్చింది. పెద్దది 131 నుంచి 140కి వెళ్లింది. అంతకుముందు ఈ రెంటికీ పన్నులో తేడా 3 రూపాయలు, ఇప్పుడు 22. మీటియోర్ 350కీ 650కీ మధ్య దూరం ఒక్క రాత్రిలో పెరిగింది.

ఇన్సూరెన్సులోనూ ఇదే గీత. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. 2022లో ఇచ్చిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. జీఎస్టీ దాని మీద వేరే. ఆ పైన లైఫ్ ట్యాక్స్. అది బండి ధర మీద శాతం కాబట్టి, ధర పెరిగితే అదీ పెరుగుతుంది. అందుకే షోరూమ్‌లో ఎక్స్‌షోరూమ్ ధర చెప్తే తలూపి ఊరుకోకండి, ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద రాయించుకోండి. యాక్సెసరీస్ అని, హ్యాండ్లింగ్ అని ఏం కలిపారో లైన్ లైన్‌గా చదవండి.

లోను లెక్క. మూడున్నర లక్షలు, 11 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుందాం. నెలకి దాదాపు 11,460. మొత్తం కట్టేది 4 లక్షల 12 వేలు దాటుతుంది, అందులో వడ్డీయే 62 వేలు. ఆ 62 వేలతో మంచి హెల్మెట్లు రెండు, జాకెట్లు రెండు, గ్లవ్స్, ఐదేళ్ల సర్వీసింగ్‌లో మంచి భాగం వస్తాయి. బండి కొన్నాక హెల్మెట్‌కి డబ్బుల్లేవని పన్నెండు వందల హెల్మెట్ పెట్టుకుని 650 నడిపేవాళ్లని నేను చూశా. అది నాకు కోపం తెప్పించే విషయం, అందుకే బడ్జెట్‌లో ముందు గేర్ రాయండి, తర్వాత బండి.

వెనక సీటు సంగతి. ఇది మన వీడియోల్లో ఎవరూ సరిగ్గా మాట్లాడరు, ఎందుకంటే నడిపేది మనం, షూట్ చేసేది మనం. పెళ్లయ్యాక ఆ సీటులో ఎవరు కూర్చుంటారు? సెలవులకి అమ్మ వస్తే? మా అమ్మ చీర కట్టుకుని ఒక పక్కకే కూర్చుంటుంది, నలభై ఏళ్ల అలవాటు, నేను మార్చలేను. క్రూయిజర్ వెనక సీటు చిన్నది, కొన్నింట్లో వెనక్కి జారుతున్నట్టు ఉంటుంది, పట్టుకోవడానికి ఆధారం ఉండదు. సూపర్ మీటియోర్‌లో సెలెస్టియల్ అనే వేరియంట్‌కి విండ్‌స్క్రీన్, వెనక బ్యాక్‌రెస్ట్, వెడల్పు సీటు వస్తాయి. మామూలు వేరియంట్ కొని తర్వాత పెట్టించుకోవచ్చు అని సేల్స్ వాళ్లు చెప్తారు. పెట్టించుకోవచ్చు, నిజమే, ముందు ఆ ధర కనుక్కోండి. చీరకొంగు, చున్నీ చక్రంలోకి వెళ్లకుండా ఉండే శారీ గార్డ్‌ని లుక్ కోసం తీయించకండి. అది నిబంధన కూడా, కానీ నిబంధన అని కాదు నేను చెప్పేది.

టెస్ట్ రైడ్ ఎలా చేయాలో చెప్తా. షోరూమ్ వాళ్లు ఇచ్చే రెండు కిలోమీటర్ల రౌండులో మీకు తెలిసేది సౌండు ఒక్కటే. ఎండ టైములో వెళ్లండి, మధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడి తొడలకి ఎంత తగులుతుందో తెలియాలి. వెళ్లే ముందు స్టాండు తీసి, ఇంజిన్ ఆపి, బండిని పది అడుగులు వెనక్కి తోయండి. రోజూ వేసుకునే చెప్పులతోనో షూతోనో, మందపాటి బూట్లతో కాదు. ఒక యూటర్న్ తీసుకోండి, ఇరుకు రోడ్డులో. పొడుగు బండి యూటర్న్ తిరగడానికి ఎంత చోటు అడుగుతుందో అక్కడ తెలుస్తుంది. ఒక గతుకుల వీధి ఎక్కడుందో ముందే చూసుకుని దాని మీద నలభైలో వెళ్లండి. తర్వాత వెనక సీటులో మీరు కూర్చుని, షోరూమ్ అబ్బాయిని నడపమనండి. నవ్వుతాడు, పర్లేదు. కుదిరితే రోజు అద్దెకి తీసుకుని 200 కిలోమీటర్లు తిప్పండి. ఆ ఖర్చు మూడేళ్ల ఈఎంఐ ముందు ఎంత?

నేనేం తీసుకుంటున్నా అంటే, నాది సూపర్ మీటియోర్, సెలెస్టియల్. నాకిప్పుడు ఆఫీసు లేదు కాబట్టి సిటీ ట్రాఫిక్ తక్కువ. నెలకి రెండుసార్లు కర్నూలు మీదుగా నంద్యాల వెళ్తా, ఎక్కువసార్లు వెనక మనిషి ఉంటారు. గంటకోసారి ఆగి, ఐదు నిమిషాలు నడిస్తే నా నడుము ఒప్పుకుంటోందని అద్దె బండి మీద రెండు ట్రిప్పుల్లో తేలింది. ఆఫీసుకి వెళ్లే రోజులే ఇంకా ఉండి ఉంటే ఇది తీసుకునేవాణ్ణి కాదు.

ఇక తమ్ముడూ, నీకు. నీ ఎత్తుకి బండి సరిపోతుంది, 740 సీటు మీద రెండు పాదాలూ నేలకి ఆనతాయి. నీ రోడ్డుకి మాత్రం సరిపోదు. నీ నెల కిలోమీటర్లలో ఎక్కువ మియాపూర్ ట్రాఫిక్‌వి. ఖమ్మం దారిలో చాలా భాగం నాలుగు లేన్లే. పెళ్లి ముందుంది, సంపాదన ఒక్కటే. ఈ సంవత్సరం నెలకి పదకొండున్నర వేల ఈఎంఐ పెట్టుకోకు. క్రూయిజరే కావాలంటే మీటియోర్ 350 తీసుకో, జీఎస్టీ తగ్గింది కూడా, నీ దగ్గరున్న లక్ష పోగా లోను సగానికి పడిపోతుంది. రెండేళ్లు నడుపు. అప్పటికి వెనక సీటులో కూర్చునే అమ్మాయి అభిప్రాయం కూడా తెలుస్తుంది, తనూ సరే అంటే 650 గురించి అప్పుడు మళ్లీ మెయిల్ పెట్టు. నేను ఇక్కడే ఉంటా.

ఇంకోటి, సైలెన్సర్ మార్పించుకోవచ్చా అని చాలామంది అడిగారు. వద్దు. కంపెనీ ఇచ్చినదాన్ని పీకి పెద్ద సౌండుది పెట్టడం చట్టప్రకారం తప్పు, వారంటీకి కూడా ఇబ్బంది. పోలీసులు అలాంటి సైలెన్సర్లని వరుసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికి శ్రీశైలం బయల్దేరినప్పుడు మీ వీధిలో పడుకున్నవాళ్లు కూడా ఉంటారండి.

వచ్చే వారం టైర్లు, గాలి ప్రెషర్ గురించి. ఉంటాను మరి.